బందరులో ఒక కొవ్వొత్తి

బందరు చూపించే ఒక్కరోజు టూరులో మాకిచ్చిన సీట్లు వెనక చక్రం మీద. కిటికీ పక్కన అని చెప్పారు. కిటికీ ఉంది, తెరుచుకోదు. విజయవాడ నుంచి మోకాళ్ళు ముడుచుకునే కూర్చున్నాను. మాకన్నా వెనక ఎక్కిన జంట ముందు సీట్లో కాళ్ళు చాపుకుంది. నేను చూశాను.

గైడు నన్ను "మాస్టారూ" అన్నాడు. నేను మాస్టర్ను కాను, శ్రీరాంపూర్ బొగ్గుగనిలో పనిచేసి రిటైరైన మనిషిని. అదే చెప్పాను. "మా వైపు అందరినీ అలాగే పిలుస్తామండి" అని నవ్వాడు. నా మాట విని నవ్వాడో, నా సీటు చూసి నవ్వాడో ఇప్పటికీ తేలలేదు.

నా భార్యకు సీటు పట్టింపు లేదు. బ్యాగు ఒళ్ళో పెట్టుకుని దానిమీద రెండు చేతులూ వేసి కూర్చుంది. అందులో ఏముందని మంచిర్యాలలో రైలెక్కినప్పటి నుంచి అడుగుతున్నాను.

"ఏం లేదు."

"ఏం లేకుంటే గంత గట్టిగ ఎందుకు పట్టుకున్నవ్?"

"నీకు అందరి మీద అనుమానమే. జర ఊకో."

ఈ టూరు కావాలన్నది ఆమే. సముద్రం కోసమనుకున్నాను. కాదట, డచ్చివాళ్ళ సమాధులు చూడాలట. ఆమె తమ్ముడు గల్ఫ్‌లో చనిపోతే అక్కడే పూడ్చారు. మా ఇంట్లో ఆ సమాధి చూసినవాళ్ళు లేరు. సమాధుల పండుగనాడు మేము మావాళ్ళ సమాధులకు సున్నం వేసి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. ఆమె ప్రతిసారీ ఒక కొవ్వొత్తి వెలిగించకుండా ఇంటికి తెస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఆమెకు తెలియదు.

బందరులో గైడు ముందుగా హల్వా దుకాణానికి తీసుకెళ్ళాడు. తర్వాత గిల్టు నగల దుకాణం. రెండుచోట్లా యజమానులు అతన్ని పేరు పెట్టి పిలిచారు. ఎందుకు పిలుస్తారో నాకు తెలియదా? పాత రేవు దగ్గర ఎవరెవరి ఓడలు దిగాయో గబగబా చెప్పేసి, అందరినీ బస్సెక్కమన్నాడు.

"సమాధులకి టైం లేదు మాస్టారూ. బీచ్‌కి వెళ్ళాలిగా. అయినా ఈపాటికి తాళం వేసేసుంటారు."

"తాళముంటే తాళమే చూసి వస్తం. నువ్విచ్చిన కాయితంల సమాధులున్నయ్, హల్వ దుకాణం లేదు."

లోపలున్నవాళ్ళు గొణిగారు. ముందు సీటాయన వాచీ చూసుకున్నాడు. నేను బస్సు మెట్టు దగ్గర నుంచి కదలలేదు. చివరికి బస్సును అటు తిప్పారు.

గేటు తెరిచే ఉంది. నేను అప్పుడే అనుకున్నాను.

తక్కినవాళ్ళు ఫొటోలు దిగి బస్సెక్కారు. నా భార్య ఒక రాతి పలక దగ్గర ఆగింది. మీద తేలిన అక్షరాలు చూపించి, ఇతను ఓడ దిగిన కొన్నాళ్ళకే జ్వరంతో పోయాడని గైడు చెప్పాడు.

"నీకు ఆ భాష చదువ వస్తదా?" అన్నాను.

"రాదండి. నాకు నేర్పినాయన చెప్పాడు."

"వీని ఇంటోళ్ళు వచ్చి చూసిన్రా?" అని అడిగింది నా భార్య.

"ఎలా వస్తారు అమ్మగారూ. నెలల ప్రయాణం."

ఆమె బ్యాగు తెరిచింది. వాడిపోయిన బంతిపూలు, అగ్గిపెట్టె, కొవ్వొత్తి.

గైడు మొహం మారింది. "ఇక్కడ వెలిగించకూడదండి. ఎవరైనా చూస్తే నా పని పోతుంది."

"నా తమ్ముని సమాధి నేను చూడలే," అంది ఆమె, పలక మీది ఆకులు చేత్తో తీస్తూ. "ఈ పిలగాని అక్క ఇది చూడలే. నేను ఈడ పెడితే, గాడ ఎవలన్న..."

పూలు పలక మీద పెట్టి అగ్గిపుల్ల గీసింది. గైడు గేటు వైపు చూశాడు, బస్సు వైపు చూశాడు. గాలికి ఆమె గీసిన పుల్లలు ఆరిపోతున్నాయి. అతను టోపీ తీసి, మోకాళ్ళ మీద కూర్చుని, గాలికి అడ్డం పెట్టాడు. కొవ్వొత్తి అంటుకుంది. ప్రార్థన అయ్యేదాకా అలాగే పట్టుకున్నాడు. తర్వాత ఆమె దాన్ని ఆర్పి బ్యాగులో పెట్టుకుంది.

తిరుగు ప్రయాణంలో కూడా చక్రం మీదే కూర్చోబెట్టారు. ఇల్లు చేరగానే టూరు కంపెనీకి సీటు గురించీ దుకాణాల గురించీ ఫిర్యాదు రాశాను. కొన్నాళ్ళకు అక్కడి నుంచి ఫోనొచ్చింది.

"గైడు సమాధుల మీద దీపం పెట్టనిచ్చాడని మరొకరు రాశారండి. మీరు చూశారా?"

ముందు సీటాయనే. నాకు అనుమానమేమీ లేదు. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి నా మొహమే చూస్తోంది.

"నేను చూడలే," అన్నాను. "మీరిచ్చిన సీటు చక్రం మీద గదా, అందరికంటె ఆఖరుకు దిగిన. నేను పోయేసరికి ఆడ ఏం లేదు. గా సీటు సంగతి ఏం చేసిన్రో గది చెప్పున్రి."