ఆకలి అని రాయవద్దన్న మగ్గం తాత

మా మగ్గం తాత పోయాడని మొన్న పొద్దున నాయన వచ్చి చెప్పాడు. నేను ఆత్మకూరులో పిల్లలకు అక్షరాలు చెప్పే కొట్టం ఊడుస్తున్నాను. మా పల్లె అక్కడికి రెండు క్రోసులు. నాయన వాకిట్లో నిలబడి తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

"అమ్మే, పక్కింటాయన పోయినాడు."

"జబ్బేమన్నా చేసిందా నాయనా?"

"జబ్బు లేదు, ఏం లేదు. కోడి కూసినాక మగ్గంలో కూర్చున్నాడు. ఎంతకీ చప్పుడు లేదే అని మీ అమ్మ పోయి చూసింది. కాళ్ళు మగ్గం గుంటలోనే ఉండాయి, దారం విసిరే నాడె చేతిలోనే ఉండాది." తలగుడ్డ మడత పెడుతూ, "పన్లేక పోలేదులే, పన్లోనే పోయినాడు," అన్నాడు.

పోయినవాడి గురించి ఇట్లా చెప్పుకొని ఊరట పొందుతారా అని మీకు తోచవచ్చు. మొన్నటి కరువు చూసిన మా పల్లెవాళ్ళకు అంతకంటే పెద్ద ఊరట లేదు. అది ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మగ్గం తాత మాకు చుట్టం కాదు. ఆయన ఇంటికీ మా ఇంటికీ ఒకటే గోడ. ఆ గోడకు అవతల మగ్గం ఆడితే ఇవతల మా ఉట్టి ఊగేది. నేను పుట్టిన రోజున కూడా ఆ చప్పుడు ఆగలేదని మా అమ్మ ఇప్పటికీ దెప్పుతుంది. ఎవరైనా ఎదురైతే లోకమంతా "తిన్నావా?" అని అడుగుతుంది. తాత మాత్రం "చేతిలో ఏముండాది?" అని అడిగేవాడు. ఏమీ లేదంటే పత్తి ఒళ్ళో వేసి గింజలు తియ్యమనేవాడు. ఒకసారి మా మిషను బోధకుడు ఆయన ఇంటికి ప్రార్థన చెయ్యడానికి వెళ్ళి, మాటల్లో పడి, దారం చుట్టడానికి కూర్చున్నాడు. లేచేసరికి ఆరు కండెలు అయ్యాయి. "ఈయన ప్రార్థన మంచి బిగువుగా ఉండాదిరా, దారం ఎక్కడా తెగలేదు," అని తాత పల్లెంతా చెప్పుకున్నాడు.

మా ఇంట్లో అక్షరం ముక్క నేర్చినవాళ్ళలో నేనే మొదలు. నన్ను నెల్లూరు మిషను బడికి పంపాలా వద్దా అని నాయన ఊగిసలాడినప్పుడు గోడ అవతలి నుంచి, "పంపరా! అది కూడా చేతిపనే," అని కేక వేసినవాడు తాత. తరువాత సెలవులకు వచ్చినప్పుడల్లా నేర్చుకున్నది ఆయనకు అప్పజెప్పేదాన్ని. ఒకసారి గొప్పగా చెప్పాను.

"తాతా, మన దేశంలో ఇందరికి పని ఎందుకు దొరకడంలేదో తెలుసా? జనం ఎక్కువైపోయారంట."

తాత నాడె ఆపాడు. ఆయన నాడె ఆపడం అరుదు.

"ఎవురు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాది."

"ఆ పుస్తకం రాసినాయన కలుపు రోజుల్లో మనూరికి రాలేదు మే. కలుపు తీసేటప్పుడు మనుషులు చాలక వింజమూరు దాకా కబురు పోతాది. ఎండాకాలం వస్తే అందరూ గోడలకు ఆనుకోని ఉంటారు. కలుపుకు చాలని మనుషులు ఎండాకాలానికి ఎట్లా ఎక్కువైనారు? మధ్యలో ఎవురు కన్నారు ఇంతమందిని?"

తాత నాడె విసురుతూ తనే చెప్పాడు. కాపుల ఇళ్ళలో ఆడవాళ్ళు నూలు వడికి ఇచ్చేవారు, మా వీధివాళ్ళు నేసి గుడ్డ ఇచ్చి గింజలు తెచ్చుకునేవారు. ఇప్పుడు ఇంగ్లీషు మిల్లుల సీమ గుడ్డ నెల్లూరు దాటి ఆత్మకూరు సంతకు వచ్చింది. అది తెల్లగా, పలచగా, చవకగా ఉంది. కొన్నవాళ్ళను తాత తిట్టలేదు. "మా ఇంట్లో మీ అవ్వ గూడా కొనింది, మొగుడు మగ్గం నేసేవోడై ఉండి," అని నవ్వాడు. "చేతికీ పనికీ నడమ దారం తెగింది, అంతే. చేతులు ఎక్కువైతే తెగలేదు."

కరువు వచ్చాక అది నా కళ్ళారా చూశాను. బడి మూసేస్తే ఇంటికి వచ్చాను. మా వీధిలో పొద్దున్నే పడుగు చాచి గంజి పెట్టేవారు. వీధి పొడుగునా దారాలుంటే మేము వాటి కింద వంగి పోయేవాళ్ళం. ఆ ఏడు వీధి ఖాళీగా ఉంది. పంట లేని రైతు గుడ్డ అడగలేదు. అడిగినా, దారానికి పెట్టే గంజి మనుషులకే చాలలేదు.

అప్పుడు సర్కారువారు కరువు కూలి కింద ఉదయగిరి వైపు పోయే బాటకు మట్టి పోసే పని పెట్టారు. ఆ పనిలో మా పల్లె జట్టుకంతా తాత పెద్ద. పని చూసే ఓవర్సీరు రెండు మేకులు కొట్టి, ఈ మేకు నుంచి ఆ మేకు దాకా నెల పని అని చెప్పి పోయాడు. ఇక్కడే తాత తప్పు చేశాడు. కాపులు నూలిచ్చి గడువు పెడితే రెండు రోజులు ముందే గుడ్డ చేర్చడం మా వీధి పరువు. ముందు ఇచ్చినవాడికే ఇంకో నూలు వస్తుంది. తాతకు బాట కూడా గుడ్డలాగే కనబడింది. "రాండ్రా, మనమంటే ఏందో చూపిద్దాం," అన్నాడు. తట్టలు పరుగెత్తాయి. మా అమ్మ, నేను, తాత భార్య అవ్వ, అందరం మోశాం. నెల పని పన్నెండు రోజుల్లో అయిపోయింది.

ఓవర్సీరు గుర్రం దిగి, బాట మీద అటూ ఇటూ నడిచి, "శభాష్!" అన్నాడు. మేమంతా నవ్వాం. "పని అయిపోయింది. రేపటి నుంచి రావద్దు," అన్నాడు.

తట్టలు నెత్తిన పెట్టుకొని ఇంటికి వచ్చాం. అవ్వ తట్ట విసిరేసి మొదలుపెట్టింది. "గుడ్డ ముందిస్తే ఇంకో గుడ్డ ఇస్తారు. బాట ముందిస్తే ఇంకో బాట ఇస్తారనుకున్నావా, ముసలోడా?"

తాత తల గోక్కున్నాడు. తరువాత నవ్వాడు. ఆ నవ్వుకు అవ్వకు ఇంకా కోపం వచ్చింది. కానీ మరునాడు ఏడు ఇళ్ళవాళ్ళు సముద్రం వైపు కాలువ పనికి పోవడానికి మూటలు కట్టుకున్నారు. అట్లా పోయిన పక్కపల్లె మళ్ళీ ఒక్కచోట చేరలేదు. మూటలు చూశాక తాత నవ్వలేదు. "నాలుగు రోజులు ఆగండి," అని ఇంటింటికీ చెప్పి, నన్ను పిలిచాడు.

"పంతులమ్మా, చేతిలో ఏముండాది?"

"ఏం లేదు తాతా."

"కాయితం తీసుకో. అర్జీ రాయి."

నాకు అర్జీ రాయడం తెలుసు, నెల్లూరులో చూశాను. "మహారాజశ్రీ దొరవారికి, మేము ఆకలితో మాడిపోవుచున్నాము" అని ఎత్తుకున్నాను. చదివి వినిపించాను.

"కొట్టెయ్ మే."

"నిజమే గదా తాతా?"

"నిజమే. ఆకలి అని అందురూ రాస్తారు. చదివేవాడు ఏం చేస్తాడు, అయ్యో అంటాడు. ఆకలి అని రాయొద్దు. పని ఉండాదని రాయి. ఎక్కడుండాదో రాయి."

తాత చెప్పాడు, నేను రాశాను. మా పెద్దచెరువు పూడిపోయి ఉంది. తూము నోట్లో తొండలు గుడ్లు పెట్టుకుంటున్నాయి. రేపు వాన పడినా నీళ్ళు నిలవవు. నీళ్ళు నిలవకపోతే పంట లేదు, కలుపు లేదు, కోత లేదు, గుడ్డ కొనేవాడు లేడు, వచ్చే ఏడు కూడా మేమందరం దొరవారి తట్ట దగ్గరే నిలబడతాము. ఇప్పుడు ఆ మట్టి మాచేత తీయిస్తే వచ్చే ఏడు మేము ఇటు రాము. అంతే రాయించాడు. కింద ఆయన వేలిముద్ర వేశాడు.

ఓవర్సీరుకు ఇవ్వడానికి నన్నూ వెంట తీసుకుపోయాడు. కాయితం తీసుకొని ఓవర్సీరు రెండుసార్లు చదివాడు.

"ఎవరు రాసిందిది?"

"మా పంతులమ్మే అయ్యా."

"ఇందులో ఆకలి మాటే లేదే?"

"అది తమకు కనపడతానే ఉండాది గదయ్యా," అన్నాడు తాత. చెరువు మట్టుకు కనపడదు, పోయి చూడాలన్నాడు.

ఓవర్సీరు ఆ సాయంత్రమే వచ్చి తూములోకి తొంగి చూశాడు. పైవాళ్ళకు రాసి, నాలుగో రోజున పని ఇప్పించాడు. "ఎన్నాళ్ళు పడుతుంది?" అని అడిగితే తాత చేతులు కట్టుకొని, "ఈసారి తొందరపడమయ్యా," అన్నాడు. ఓవర్సీరు నవ్వాపుకోలేకపోయాడు. అవ్వ మాత్రం వారం రోజులు తాత తట్ట తనే నింపింది, కొంచెం కొంచెంగా.

మూటలు విప్పారు. ఏడు ఇళ్ళలో ఒక్కటీ కదల్లేదు. వానలు వచ్చాయి. చెరువు నిండింది.

ఇదంతా నెమరేసుకుంటూ మొన్న నాయన వెంట నడిచాను. పల్లెలో అడుగుపెడితే మనిషి అలికిడి లేదు. పిల్లలు లేరు, ముసలివాళ్ళు లేరు. చావు ఇంటి ముందు మా అమ్మ, అవ్వ ఇద్దరే కూర్చుని ఉన్నారు. నేను అవ్వ ముందు కూర్చున్నాను. "ఎవరూ రాలేదా?" అన్నాను.

అవ్వ కన్నీళ్ళలోనే నన్ను కసిరింది. "ఎక్కడినుంచి వస్తారే? ఈ సంగతి తెలియకముందే అందురూ చెరువు కింద కలుపులోకి పోయినారు. మొయ్యడానికి నలుగురు దొరకలేదు. చేజర్ల నుంచి కూడా కూలోళ్ళను పిలిపించినారు, ఇంకా చాలలేదంట. ఈయన చేసిన పనే ఇది! బతికుంటే ఇప్పుడు ఎంత నవ్వుకోనుండునో."

నాయన గట్టు మీదికి పోయి కేక వేశాడు. వరిమడుల్లోంచి ఒక్కొక్కరే లేచారు. కాళ్ళూ చేతులూ కడుక్కోవడానికి కూడా ఆగకుండా వచ్చారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, ఆ ఏడు ఇళ్ళవాళ్ళు అందరూ. తాత మీద ఆయన చేత్తో నేసిన తెల్లని దుప్పటి కప్పి ఉంది. నేను ముందు, నేను ముందు అని పోటీపడి ఎత్తుకున్నారు. మట్టి చేసే చోటికి చేరేసరికి ఆ దుప్పటి అంచు పొడుగునా, మళ్ళీ మళ్ళీ, పచ్చి బురద చేతుల అచ్చులు పడి ఉన్నాయి.