శిలాఫలకానికి పూసిన ఉప్పు

రాష్ట్రం వచ్చాక మా వాగు మీద కల్వర్టు కట్టారు. దానికి రెండడుగుల పునాది కూడా తీయలేదు. పక్కన నిలబెట్టిన శిలాఫలకానికి మాత్రం నడుముల్లోతు గుంత తీశారు. రెండూ నా కళ్లముందే జరిగాయి. బాపుతో పాటు గొర్రెలు తోలుకొని నేను రోజూ అటే పోయేదాన్ని.

"కింద ఉట్టి ఇసుకనే ఉన్నది సారూ. రాయి తగిలేదాంక తవ్వుండ్రి," అన్నాడు బాపు.

కాంట్రాక్టరు నవ్వాడు. మా దగ్గర కాంట్రాక్టరూ అతనే, నాయకుడూ అతనే. "గొర్లు కాసేటోనివి, ఇంజనీర్ పని నీకెందుకే?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు. ఆ మొహాలు ఒక్కటి కూడా నేను మరిచిపోలేదు.

తీరా కట్టాక బాపే దాన్ని నమ్మాడు. సర్కారు అంత ఖర్చు పెట్టింది, ఊరికే పోతుందా అనుకున్నాడు. గోటితో గీరితే సిమెంటు రాలుతోందని చూపించాను. "నీకు అన్నిట్ల అనుమానమే బిడ్డా," అని నన్నే కసిరాడు.

మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు వాగు నిండుగా పారుతోంది. మందకు ముందు నడిచే పొట్టేలు కల్వర్టు మొదట్లోనే ఆగిపోయింది. అది ఆగిన చోట మేమూ ఆగడం తాతల నాటి పద్ధతి. బాపు ఆ ఒక్కరోజే ఆ పద్ధతి తప్పాడు. దాన్ని కొమ్ములు పట్టి లాక్కుపోయాడు. వెనకే మందంతా ఎక్కింది. నడిమధ్యలో స్లాబు విరిగి సగం మంద కళ్లముందే కొట్టుకుపోయింది. బాపు బతికాడు గానీ, నల్లగొండ దవాఖానలో ఎన్నాళ్లున్నా అతని మోకాలు మళ్లీ వంగలేదు.

"మందను మొత్తం ఒక్కపారి ఎక్కిస్తే ఏ బిర్జి ఆగుతది?" అన్నాడట నాయకుడు.

శిలాఫలకం చెక్కు చెదరలేదు. దాని మీద పసుపురంగులో అతని పేరు మెరుస్తూనే ఉంది. గొర్రెలకు వారానికోసారి బండ మీద ఉప్పు పెడతాం, నాకడానికి. ఆ ఉప్పు తడిపి శిలాఫలకానికి పూయడం మొదలుపెట్టాను, సరిగ్గా అతని పేరు మీదనే. మిగిలిన గొర్రెలు తోసుకుంటూ వచ్చి నాకేవి. నేను ఎదురుగా కూర్చొని చూసేదాన్ని. ఆ సంతోషం దాచుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు. ఏడాది తిరిగేసరికి పసుపంతా పోయి పేరు చదవరాకుండా అయింది.

మొన్న అదే చోట కొత్త కల్వర్టు మంజూరైంది. అదే నాయకుడు కొత్త శిలాఫలకంతో వచ్చాడు. పాతదాన్ని చూసి, "నా పేరేమాయె?" అన్నాడు.

బాపు కట్టె ఊతంతో ముందుకొచ్చాడు. దండం పెడతాడేమోనని నాకు భయమేసింది.

"గిప్పుడన్న రాయిదాంక తవ్విస్తవా సారూ?" అని అడిగాడు.

నాయకుడు విననట్టే కొబ్బరికాయ కొట్టాడు. బాపు నా వైపు తిరిగాడు.

"బిడ్డా, ఉప్పు తెచ్చినవా?"