ఏదెను తోటకి నాలుగు పాయలు

మా నాన్న హైస్కూల్లో జాగ్రఫీ మాస్టారు. డెబ్బైల చివర్లో, నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, ఆయనకి ఏదెను తోట పిచ్చి పట్టుకుంది. ఏదెనులో బయలుదేరిన నది నాలుగు పాయలుగా చీలిందని ఆదికాండంలో ఉంది. పండితులేమో దాన్ని యూఫ్రటీసు, టైగ్రిసుల దగ్గర పెట్టారు. అక్కడ రెండు నదులు కలుస్తాయే తప్ప ఒకటి నాలుగవదు. "చీలే నదిని వదిలేసి, కలిసే నదుల దగ్గర వెతుకుతారేంటి వీళ్ళు?" అంటూ నాన్న అన్నం కంచం పక్కనే అట్లాసు తెరిచేవారు. మన కోనసీమలో నది చీలి సరిగ్గా నాలుగు పాయలవుతుందంటూ గౌతమి, వశిష్ఠ, వైనతేయ, వృద్ధ గౌతమి అని వేళ్ళు మడిచి చూపించేవారు.

"అన్నం చల్లారిపోతోందండీ. ఏదెను ఎక్కడికీ పోదు," అనేది అమ్మ.

నాకు అన్నీ సందేహాలే. ఆ చుట్టుపక్కల బంగారం దొరికేదని కూడా రాసుంది కదా, కోనసీమలో బంగారం ఎక్కడుందని అడిగాను. నాన్న తడుముకోకుండా అమ్మ మెడ చూపించారు. ఆ సన్నటి గొలుసు చూసి ముగ్గురం నవ్వుకున్నాం. ఏదెనుని ఒకరు ఆర్మేనియా కొండల్లోనూ, ఇంకొకరు సింహళంలోనూ పెట్టారని ఆయనే చెప్పారు. ఎవరికి నచ్చిన చోటికి వాళ్ళు లాక్కుంటుంటే మేమెందుకు ఊరుకోవాలి? నేను పూర్తిగా నమ్మేశాను. బడికి కాలవగట్టు మీద నడుస్తూ, దేవుడు తినొద్దన్న ఆ పండు చెట్టు ఎక్కడుండేదా అని వెతుక్కునేదాన్ని.

ఇదంతా చర్చిలో చెప్పాలని నాన్న కోరిక. పాస్టరుగారు కాసేపు నసిగారు. "ఆయ్, బాగానే ఉందండీ మాస్టారూ. మీ అమ్మగారు ఊ అంటే ఆదివారం చెప్పండి. ఆవిడ మాటకి ఎవరూ అడ్డు రారు," అన్నారు. మా మామ్మ సంఘంలో అందరికన్నా పెద్దావిడ. కొబ్బరితోటల్లో, చేలల్లో కూలి చేసి నాన్నని చదివించింది.

శనివారం మామ్మని, నన్ను నాన్న పడవ ఎక్కించారు. వశిష్ఠలోంచి వైనతేయ విడిపోయే చోట పటం విప్పి, తోట కథంతా చెప్పారు. అంత సంబరం ఆయన గొంతులో నేను మళ్ళీ వినలేదు. కష్టపడిన తల్లికి, నువ్వు బతికింది ఏదెనులోనే అని చెప్పగలగడం ఆయనకి ఎంత ముఖ్యమో నాకు అప్పుడే తెలిసింది.

మామ్మ శ్రద్ధగా విని, అవతలి గట్టు మీది కొబ్బరితోట వైపు చూసింది.

"తోటలోంచి ఎందుకు గెంటేసేరన్నావురా?"

"పండు తిన్నందుకమ్మా."

"నన్నూ గెంటేసేరు. అదిగో, ఆ తోటలోంచే. నువ్వు కడుపులో ఉన్నావు. దాహమేసి ఒక్క బొండం అడిగేను. తాగలేదురా, అడిగేనంతే."

ఆ సంగతి నాన్నకి అప్పటిదాకా తెలియదు. ఆ తోట గల కామందుగారి మనవలు నాన్న దగ్గరే చదువుకుంటున్నారు.

నాకు మాత్రం గొప్ప ఆధారం దొరికినట్టయింది. "అయితే ఇదే ఏదెను మామ్మా! గెంటెయ్యడం కూడా సరిపోయింది!" అన్నాను.

మామ్మ నా తల నిమిరింది.

"కాదమ్మా. అక్కడ గెంటింది దేవుడు. ఇదే ఏదెనని నేను ఊ అంటే, నన్ను గెంటినోణ్ణి దేవుణ్ణి చేసినట్టే కదా."

ఆదివారం నాన్న ఆ మాట ఎత్తలేదు. మగవాళ్ళ వైపు తన చోటు వదిలేసి, అందరూ చూస్తుండగా ఆడవాళ్ళ వైపు వెళ్ళి, చాప మీద మామ్మ పక్కన కూర్చున్నారు.