హెడ్మాస్టారి ఆదివారం టీ

ఆ ఇంట్లో ఆరు రోజులు టీ కాస్తారు. ఆదివారం మాత్రం రిటైరైన హెడ్మాస్టారు టీ కాచి చూపిస్తారు. చొక్కా చేతులు మడిచి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి ఆయన పొయ్యి ముందు నిలబడితే వంటిల్లు క్లాసురూమైపోతుంది. అల్లం దంచేది భార్య, యాలకులు వలిచేది కోడలు, పాలు కొలిచి అందించేది కొడుకు. "అంతా నేనొక్కణ్ణే" అనేది మాస్టారు. లవంగాలు నాలుగే ఎందుకు, బెల్లం ఎప్పుడు వేస్తే పాలు విరగవు, అన్నీ పాఠమే.

మొన్న ఆదివారం బావమరిది వచ్చాడని మాస్టారు గంటసేపు పాఠం చెప్పి, మరిగించి, వడగట్టి, కప్పులు అందించారు. బావమరిది ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. "అబ్బ! టీ అంటే ఇదీ, బావగారూ!" కొడుకూ కోడలూ తలలూపారు. ఊపకపోతే పాఠం మళ్లీ మొదటికొస్తుంది. ఇంతలో భార్య టీపొడి పొట్లం తెచ్చి బల్లమీద పెట్టింది. "ఏమండీ, దీని మూతి కూడా కత్తిరించలేదు." మాస్టారు కప్పులోకి తొంగి చూశారు. ఆ రంగంతా బెల్లానిదే. గొంతు సవరించుకుని, "కావాలనే వెయ్యలేదు. ఆ పొడి పడితే అసలు రుచి చచ్చిపోతుంది" అన్నారు. "నిజమే సుమండీ" అన్నాడు బావమరిది. ఆవిడ వంటింట్లోకి వెళ్లి, పొట్లం విప్పి పొయ్యి వెలిగించింది. ఐదు నిమిషాల్లో ఆ వాసనకి మాస్టారు వంటింటి గుమ్మంలోకొచ్చారు. ఆయన వెనకాలే ఖాళీ కప్పుతో బావమరిది. "నాకూ ఓ అరకప్పు పొయ్యవోయ్" అన్నారు మాస్టారు, మెల్లగా.

"ఎందుకండీ, రుచి చచ్చిపోతుంది" అంది ఆవిడ, తన కప్పు నిండా పోసుకుంటూ.