పునాది పేరుతో తవ్విన మట్టి

కర్నూలు జిల్లాలో, తుంగభద్ర ఒడ్డునున్న ఒక చిన్న ఊరి మున్సిపాలిటీలో నేను అసిస్టెంట్ ఇంజినీరుగా చేరినప్పుడు నాకు అప్పగించిన మొదటి ఫైలు మూతపడిన తోళ్ల కార్ఖానాది. యజమాని పోయాడు, కంపెనీ దివాలా తీసింది, ఏటి ఒడ్డు స్థలం మున్సిపాలిటీకి దక్కింది. వాన పడితే చాలు, అక్కడ నీళ్లు పసుపుపచ్చగా నిలిచేవి. మేకలు కూడా ముట్టేవి కావు. ఆ మట్టి తీయించి పార్కు చేయించమని ఊరివాళ్లు అర్జీ పెట్టారు. నాకు సులువైన పనిలాగే కనిపించింది.

ఏటి ఒడ్డు సుందరీకరణ నిధులకు రాశాను. మట్టి శుద్ధి మా పద్దులోకి రాదు, శుద్ధి చేశాక పంపండి అని జవాబు. కాలుష్యం చూసే ఆఫీసుకు రాశాను. పాడుచేసినవాళ్లే ఖర్చు భరించాలన్నారు. యజమాని చనిపోయాడని రాస్తే మరణ ధ్రువపత్రం అడిగారు. జతచేశాను. అప్పుడు, శుద్ధి తర్వాత అక్కడ ఏం కడతారో ప్లాను పంపమన్నారు. ప్లాను మంజూరుచేసే ఆఫీసుకు పోతే, స్థలం శుభ్రంగా ఉందని సర్టిఫికెట్ తెస్తేగానీ ప్లాను ముట్టమన్నారు. ఆ రోజు బస్సులో పక్క సీటావిడ, "ఏమ్మా, పానం బాగలేదా?" అని అడిగింది. నాలో నేనే గొణుక్కుంటున్నానట.

ప్రతి ఆఫీసూ కొత్తగా మట్టి పరీక్ష అడిగేది. మూడోసారి నమూనాలు తీయిస్తుంటే ఒక ముసలాయన వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. వయసులో ఉన్నన్నాళ్లూ ఆ కార్ఖానాలోనే తోళ్లు మందునీళ్లలో నానబెట్టి ఊనినవాడు. మోకాళ్ల దాకా చర్మం నల్లగా మచ్చలుపడి ఉంది.

"ఈడ గాదమ్మా తవ్వేది. ఈడ గోడౌను ఉన్నింది. మందు తొట్లు ఆ కంపచెట్ల కింద ఉండాయి."

"ఎన్ని తొట్లు చాచా?"

"ఎనిమిది. మూసేటప్పుడు నేనే మన్నేసి పూడ్చినా. ఇన్నిసార్లు వచ్చి పోతాండారు, ఒక్కరన్నా నన్ను అడిగినారా?"

అంతకుముందు రెండుసార్లూ గోడౌను మట్టే పరీక్షకు పోయిందన్నమాట. నాకు సిగ్గేసింది. కోపమూ వచ్చింది, ముందు నా మీదే. ఆయన కర్రతో చూపిస్తుంటే ముగ్గుపిండి పోసి ఎనిమిదీ గుర్తుపెట్టాను. అక్కడ తీసిన మట్టి ఆకుపచ్చగా, ముక్కు మండేలా వచ్చింది.

మరుసటి ఏడు నిధులు వచ్చాయి. మట్టికి కాదు, ప్రహరీ గోడకూ దీపస్తంభాలకూ. విషం మీద దీపాలు! పై అధికారి గదిలోకి పోయి గట్టిగానే మాట్లాడాను.

"గోడకిచ్చినారు, గోడ కట్టు. మట్టి సంగతి నీకెందుకమ్మా?" అన్నాడాయన.

ఏ ఎస్టిమేట్‌లోనైనా పునాదుల కింద పనికిరాని మట్టి తీసివేత అనే పద్దు ఒకటి ఉంటుంది. నేను గోడను నేరుగా గీయకుండా తొట్ల మీదుగా వంపు తిప్పి గీశాను. రెండు తొట్లు పునాది కిందికి వచ్చాయి. ఎంత తిప్పినా మూడోది రాలేదు. ఆ మట్టిని మామూలు చెత్తలో వేయకూడదు, ప్రమాదకర వ్యర్థాలకు కేటాయించిన చోటికే చేర్చాలి. దీపస్తంభాలు తగ్గించి ఆ డబ్బు లారీలకు సర్దాను.

చాచా రోజూ వచ్చి కూర్చునేవాడు. రెండో తొట్టి అడుగున బండపరుపు తేలినప్పుడు తొంగిచూసి, "ఇంతే. ఇంక తవ్వద్దు," అన్నాడు. కర్రతో అవతలికి చూపిస్తూ, "మిగతా ఆరు?" అని అడిగాడు.

"ఫైలు పెట్టినా చాచా."

"ఫైలంట!" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ తర్వాత ఆడిట్ వాళ్ల మెమో వచ్చింది. గోడ ఎందుకు వంకరగా ఉంది? పునాది అంత లోతెందుకు? తొట్లు అక్కడున్నాయని నిర్ధారించినవారి అర్హతలేమిటి? మూడో ప్రశ్నకు నాకు ఒళ్లు మండింది. చాచా ఇంటికి పోయాను. ఆయన భార్య ట్రంకుపెట్టె వెతికి పాత హాజరు కార్డు ఇచ్చింది. దాన్ని జెరాక్స్ తీసి జతచేసి, "ఈయన ఆ తొట్లలో దిగి పనిచేసిన మనిషి. అంతకుమించిన అర్హత నాకు తెలియదు," అని రాసి పంపాను.

జెరాక్స్ మీద గెజిటెడ్ అధికారి సంతకం లేదని తిప్పి పంపారు.

సంతకం చేయించి మళ్లీ పంపాను. ఆ వారమే ఆరు తొట్ల చుట్టూ ముళ్లకంచె వేయించాను. దానికి మాత్రం ఎవరినీ అడగలేదు.