తను ఎత్తిన దర్వాజ

ఈ అరబ్బు దేశంలో గలాలీ అనే ఊరికి వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న జగిత్యాల మేస్త్రీ, కిటికీలోంచి ఓ పాత తోట ప్రహరీగోడను, దాని పెద్ద ద్వారాన్ని చూపించాడు.

"ఆ దర్వాజ నేనే ఎత్తిన సార్. పసుపు రాసి, దండం పెట్టి నిలబెట్టిన. ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తరట, నన్నే కూలగొట్టుమంటున్నరు."

"వేరేవాళ్లను పంపమని అడగలేదా?"

"అడిగిన. ఎత్తిన చెయ్యి కూలగొట్టద్దంటరు మా దిక్కు. మమ్ముల తెచ్చుకున్న అరబ్బు సేటు, కఫీల్, ఇనలే; ఖలాస్, ఇగ మాట లేదన్నడు. మీకు అరబ్బీ వస్తదా సార్? మా ఫోర్‌మన్‌కు జర చెప్తరా?"

నాకు రాదు.

అతను ఆ ద్వారం దగ్గరి స్టాపులో దిగిపోయాడు. మా బస్సు ముందున్న సిగ్నల్ దగ్గర ఆగింది. అతను ద్వారం ముందు బూట్లు విప్పి, గడప ముట్టి కళ్లకద్దుకున్నాడు. ఫోర్‌మన్ "యల్లా!" అని తొందరపెడుతూ అరిచాడు. అతను బూట్లు తొడుక్కుని సమ్మెట అందుకున్నాడు.

మొదటి దెబ్బ పడేలోపు బస్సు కదిలితే చాలనుకున్నాను. కదల్లేదు.