గోడ మీది పైడమ్మ

నూకరాజు గొప్ప పెయింటరని నేను చెప్పను. అతనిది చీపురుపల్లి దగ్గర ఊరు, నాదీ ఆ పక్కనే. చుట్టరికం లేకపోయినా బావా అని పిలిచేవాణ్ణి. భిలాయి ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో దుకాణాల బోర్డుల మీద లక్ష్మీదేవిని వేసి, హిందీ అక్షరాలు రాసి బతికేవాడు. హిందీ చదవడం రాదు, అక్షరం మాత్రం చెక్కినట్టు దింపేవాడు. పెళ్ళాం పైడమ్మ. పిల్లల్లేరు. ఉన్నదల్లా ఆ ఇద్దరూ, వాళ్ళ పోట్లాటలూ.

డెబ్బై ఎనిమిదిలో సెక్టర్ 6లో ఒక క్లబ్బు గోడ మీద పెద్ద బొమ్మ పని అతనికి దొరికింది. ఇనుపరాయి తట్ట నెత్తిన పెట్టుకున్న కూలి ఆడమనిషి, రెండంతస్తుల ఎత్తున. వీధి దీపాలు మార్చే లిఫ్టు బండి నా చేతిలో ఉండేది. తొట్టిలో మనిషిని నిలబెట్టి, కింద నుంచి మీటలు నొక్కి పైకి లేపడం నా ఉద్యోగం. బొమ్మ అయ్యేదాకా బండి అక్కడే పెట్టమన్నారు.

గోడకి ముక్కు ఆనించి వేసేవాడికి తానేం వేస్తున్నాడో తెలియదు. బారెడు ముక్కు, చేటంత కన్ను! రోడ్డవతల నిలబడ్డవాళ్ళే చెప్పాలి. ఇంజను మోతలో అరిచినా వినపడదు. అందుకని పైడమ్మ అన్నం క్యారేజీ పక్కన పెట్టి, రోడ్డవతల నిలబడి, తన మొహం మీదే వేలు పెట్టి చూపించేది. బొమ్మ బుగ్గ లావైతే తన బుగ్గ నొక్కేది. పెదవి తేడాగా ఉంటే తన పెదవి తడిమేది. అతను చూసి దిద్దేవాడు. ఇక భోజనానికి దిగాడా, మొదలు.

"గెడ్డం అంత కోసుగా ఎట్టినావేటి? కళ్ళకి పొరలు కమ్మినాయేటి?"

"అయితే నువ్వే ఎక్కి ఎయ్యి!"

"ఎక్కుతాను, నాకేటి భయమా? సూరన్నా, ఎత్తన్నా నన్ను!"

అప్పలసూరి అన్న నా పేరు ఆమె నోట అలా ముద్దుగా తిరిగేది.

బొమ్మ పూర్తయ్యాక ముగ్గురం రోడ్డవతల నిలబడి చూశాం. తట్ట మోస్తున్నది పైడమ్మే! కాస్త చిన్నదైన ఎడమ కన్ను, ఏదో అనబోతూ ఒక పక్కకి లాగిన మూతి. ఎవరూ అనుకుని చేసింది కాదు. ఆమె తన మొహం చూపిస్తూ దిద్దించింది, అతను అదే వేశాడు.

"సీ, సిగ్గులేని మనిసీ! ఊరందరికీ నన్ను సూపిస్తావా!" అని కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నూకరాజు నవ్వలేక చచ్చాడు.

మూడేళ్ళకి పచ్చకామెర్లొచ్చి పైడమ్మ పోయింది. పెద్దకర్మ నాడు దండ వేద్దామంటే ఫోటో లేదు. పక్కనున్న దుర్గ్‌లో ఫోటో స్టూడియోకి బయల్దేరినప్పుడల్లా ఏదో పోట్లాట వచ్చి ఆగిపోయేవారు. ఆమె రూపం లోకంలో మిగిలింది ఆ గోడ మీదే. నూకరాజు సాయంత్రాలు సైకిలు స్టాండు వేసి ఎదురుగా కూర్చునేవాడు. గోడతో పోట్లాడేవాడు కూడా. అటుగా వెళ్తూ చూసి, పలకరించకుండా వచ్చేసేవాణ్ణి.

వానకీ, ఎర్రదుమ్ముకీ జాలేమిటి? ఎనభై నాలుగులో పడ్డ వానలకి మొహం మీద పెచ్చులు లేచాయి. ఎడమ కన్ను సగం రాలిపోయింది, మూతి చెదిరింది. నూకరాజు వచ్చి మా గుమ్మంలోనే కూలబడ్డాడు.

"సూరీ, ఇంకో వానొస్తే అది ఉండదురా. నన్నోసారి పైకెత్తరా."

మా సాబ్‌ని బతిమాలి ఒక ఆదివారం బండి తీశాను. తొట్టిని ఆమె మొహం దగ్గర ఆపాను. నూకరాజు బ్రష్ తీయలేదు. రెండరచేతులూ గోడకి ఆనించి అలాగే ఉండిపోయాడు. ఏమైందోనని ఇంజను ఆపాను.

"ఇక్కడ లేదురా!" అని పైనుంచి అరిచాడు. "దగ్గరికొస్తే ఏటీ లేదు. ఒట్టి రంగు!"



కాసేపటికి పెచ్చులు గీకి, రంగు కలిపి మొదలుపెట్టాడు. రోడ్డవతల మనిషి లేదు కదా, నేనే వెళ్ళి నిలబడ్డాను. కన్ను పెద్దదైపోతోందనిపించి నా ఎడమ కంటి మీద వేలు పెట్టాను.

"నీ మొకం నాకెందుకురా? దాని మొకం సూపించు!" అని కసిరాడు.

ఎక్కణ్ణుంచి తెచ్చి చూపించను? వెళ్ళి బండి దగ్గర కూర్చున్నాను. అతను తన చేతిని నమ్ముకుని వేసుకుపోయాడు. లక్ష్మీదేవిని వేసి వేసి అలవాటైన చెయ్యి అది. పొద్దు వాలుతుండగా దిగి, రోడ్డు దాటి, వెనక్కి తిరిగి చూశాడు. వెనకాలే నేనూ వెళ్ళాను.

కళ్ళు రెండూ సమానంగా ఉన్నాయి. మూతి తిన్నగా ఉంది. షిఫ్టు దిగి వస్తున్న ఒకాయన సైకిలాపి, "వాహ్ భయ్యా, పహలే సే జ్యాదా సుందర్!" అన్నాడు. మునుపటికంటే అందంగా ఉందట! పళ్ళు రాలగొట్టాలనిపించింది నాకు.

నూకరాజు నా వైపు తిరిగాడు.

"ఈవిడెవర్రా, సూరీ?"

అతని భుజం మీద చెయ్యి వేశాను.

"అప్పుడు కామెర్లు సంపినాయి. ఇప్పుడు నా సేత్తో నానే సంపీసినాను" అంటూ రోడ్డు మీదే చతికిలబడ్డాడు. లేవదీద్దామని రెక్క పట్టుకున్నాను. లేవలేదు. రంగు చేత్తో తన ఎడమ కన్ను కొద్దిగా మూసి, మూతి ఒక పక్కకి లాగి, "ఇలగుండేది కదరా, ఇలగ" అని నాకు చూపిస్తూ ఏడుస్తున్నాడు.